ఇలాయతి ముంగిస

ముంగిసల కురుమూర్తిని ఫెర్రెట్ శిక్షకుడిగా నియమించినట్టు బొల్లిగుంట గ్రామ ప్రజలకు మైకులో తెలియజేయడమైనది. నియామకం పూర్తిగా అర్హత చూసే జరిగింది. ఆ అర్హత అతని ఇంటిపేరు.

నిజానికి కురుమూర్తి పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ముంగిసను పట్టుకోలేదు. వాళ్ల తాత జుట్టు ముంగిస రంగులో ఉండేదట. అందుకని ఊరు ఆయన్ని ముంగిసాయన అంది. మూడు తరాలు తిరిగేసరికి అదే ఇంటిపేరై రేషను కార్డు దాకా ఎక్కింది. అంతకుమించి ఆ వంశానికి ఆ జంతువుతో ఏ చుట్టరికమూ లేదు. అయినా నాయకుడి కొడుకు నాయకుడు కావడానికి ఇంతకంటే గట్టి ఆధారం మనం ఎప్పుడూ అడగలేదు కనుక, పాపం కురుమూర్తి ఒక్కడినే అడగడం న్యాయం కాదు.

నియమించినవారు మహిపాల్ సారు. ఐదేళ్ల కిందట ఆయన మండల ఎన్నికల్లో ఓడిపోయారు. ఓటమికి కారణాలు తేల్చడానికి ఆయనే ఏకసభ్య సంఘంగా ఏర్పడి, నామినేషన్‌కు బయల్దేరిన పొద్దున పిల్లి ఎదురు రావడమే కారణమని నివేదిక ఇచ్చుకున్నారు. వేయిస్తానన్న రోడ్డు వేయించకపోవడం, తవ్విస్తానన్న చెరువు కాల్వలో తమ ట్రాక్టరే దున్నుతూ తిరగడం వంటివి కూడా పరిశీలనకు వచ్చాయి గానీ, పిల్లితో పోలిస్తే అవి బలమైన కారణాలుగా కనబడలేదు.

రెండువేల ఆరు ఎండాకాలం చివర మళ్లీ స్థానిక ఎన్నికలు వచ్చాయి. జాతకాలు చూసే ఒక పెద్దమనిషి సారుకు ఉపాయం చెప్పాడు. బయల్దేరేటప్పుడు ముంగిస ఎడమ నుంచి కుడికి దాటితే ఇక తిరుగులేదట. బొల్లిగుంట చేలగట్ల మీద ముంగిసలకు కొదవ లేదు. కానీ అవి ముహూర్తం చూసుకొని దాటవు. పోనీ ఒకదాన్ని పట్టి పెంచుదామంటే అటవీశాఖ వాళ్లు కేసు పెడతారు. అప్పుడు దేవరాజు హైదరాబాదు వెళ్లి, పెంపుడు జంతువులమ్మే దుకాణం నుంచి ఒక అట్టపెట్టెతో దిగాడు. దేవరాజు అంటే సారు వెంట తిరిగే మనిషి. సారు తుమ్మితే చిరంజీవ అనడం అతని ఉద్యోగం.

"దీన్ని ఫెర్రెట్టు అంటరన్నా. ఇలాయతి ముంగిస, పరదేశంది," అన్నాడు పెట్టె మూత తీస్తూ. "మన ఊరి ముంగిస దాటితే వార్డు మెంబరు అయితడు, గంతే. గిది దాటిందంటే మండలం మొత్తం మనదే. పైగ దీని మీద కేసు కాదు."

పెట్టెలో మూరెడు పొడవున మెత్తటి జంతువొకటి చుట్ట చుట్టుకొని నిద్రపోతోంది. ఒళ్లంతా మీగడ రంగు, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ. దొంగతనానికి బయల్దేరి దారిలో కునుకు తీసినట్టుంది. సారు దానికి విజయ్ అని నామకరణం చేశారు. కురుమూర్తి భార్య రేణుకమ్మ దాన్ని ఒకసారి వెల్లకిలా తిప్పి చూసి, "ఇది ఆడది," అంది. ఆడవాళ్ల అభిప్రాయాలు రికార్డులో రాసే ఏర్పాటు లేకపోవడం వల్ల అది విజయ్‌గానే కొనసాగింది.

కురుమూర్తికి ముంగిస అక్కర్లేదు. అతనికి కావలసింది ట్రాన్స్‌ఫార్మర్.

అతనికి ఎకరంన్నర సీడ్ పత్తి ఉంది. సీడ్ పత్తి అంటే మామూలు పత్తి కాదు. కంపెనీ వాళ్లిచ్చిన గింజలు నాటి, పూతకొచ్చాక ఒక్కొక్క పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించి, కాయను కాయగా కాపాడి, వచ్చిన విత్తనం మళ్లీ కంపెనీకే అప్పజెప్పాలి. పసిపిల్లను సాకడమే దానికంటే తేలికని రేణుకమ్మ అంటుంది; ముగ్గురిని సాకింది కనుక ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ పత్తి జానెడు ఎదిగిందో లేదో, అయిదుగురు రైతుల బోర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మొదటి దరఖాస్తుకు స్టాకు లేదన్నారు. రెండోదానికి, మొదటి దరఖాస్తు నంబరు వేయలేదన్నారు. మూడోదానికి, ఒకే విషయం మీద ఇన్ని దరఖాస్తులు పెట్టడం క్రమశిక్షణ కాదన్నారు. లైన్‌మన్ అబ్రహాం మంచివాడు కనుక ఉన్నమాట చెప్పాడు.

"కాయితం రాస్తే ఏమొస్తదే కురుమూర్తీ? పైకెళ్లి ఫోను రావాలె."

ఆ పైనున్న ఫోను మహిపాల్ సారు దగ్గర ఉంది. "నామినేషనుకు ఇంక ఇరవై దినాలుంది. నువ్వు దీనికి నేర్పు. నీ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తర్వాత నేను చూస్త," అన్నారాయన. ఇరవై రోజుల తర్వాత అక్కడ పత్తి ఉండదు, పత్తి కట్టె ఉంటుంది. ఆ మాట అనబోయి, సారు ముఖం చూసి, కురుమూర్తి అట్టపెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చాడు.

పెట్టెతో పాటు ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. దేవరాజు రోజూ వచ్చి దాన్ని చదివి అర్థం చెప్పేవాడు. ఒక చెయ్యి ముందుకాళ్ల కింద పెట్టాలి, రెండో చెయ్యి వెనక భాగాన్ని మోయాలి. అరవకూడదు. కొట్టకూడదు. కరిస్తే చెయ్యి లాక్కోకుండా నెమ్మదిగా విడిపించుకోవాలి. మన వాసన అలవాటు కావడానికి చొక్కాలో వేసుకొని తిరగాలి. కురుమూర్తి అన్నీ పాటించాడు. మొదటి వారంలోనే అది అతని పది వేళ్లకూ పరిచయమైంది.

"మన పిల్లగాండ్లను ఒక్కనాడన్న గిట్ల రెండు చేతులతోని ఎత్తుకున్నవా?" అని రేణుకమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"వాండ్లతోని ట్రాన్స్‌ఫార్మర్ వస్తుండెనా?" అన్నాడు కురుమూర్తి వేలికి పసుపు అద్దుకుంటూ.

విజయ్ రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోయేది. దీన్ని దేవరాజు సారుకు ధ్యానంగా నివేదించాడు. మిగిలిన ఆరు గంటల్లో అది చెప్పులు, బీడీ కట్టలు, టార్చి సెల్లు, రేణుకమ్మ జడపిన్నులు ఎత్తుకుపోయి ధాన్యపు గంప వెనక దాచేది. పట్టుకోబోతే వెన్ను విల్లులా వంచి, తోక కుంచెలా చేసి, వెనక్కీ పక్కకీ గెంతుతూ గుక్గుక్‌మని ఆడేది. పుస్తకంలో దాన్ని సంతోషం అని రాశారు. వాడకట్టు వాళ్లు పూనకం అని కొబ్బరికాయ కొట్టారు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదని సామెత. ఇది కుడితి గోలెంలో ఇష్టపడి దూకి, స్నానం చేసి, అదే ఒంటితో వచ్చి రేణుకమ్మ పక్కబట్టల మీద దొర్లేది. దాని ఒంటి వాసన గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. అది సారుగారి జంతువు కనుక ఆ వాసన అంతగా రాలేదు.

పదో రోజుకు ఎండ మండిపోయింది. రేకుల ఇంట్లో విజయ్ నేలకు అతుక్కుపోయి, నోరు తెరిచి రొప్పసాగింది. దేవరాజు పుస్తకం తిరగేశాడు. చలిదేశపు జంతువని, వేడికి ఆగదని, చల్లటి చోట ఉంచకపోతే చచ్చిపోతుందని అందులో ఉంది. దేవరాజు ముఖం పాలిపోయింది. కురుమూర్తి ముఖంలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయాక మొదటిసారి కళ వచ్చింది. అతను నేరుగా సారు దగ్గరికి నడిచాడు.

"సారూ, ఊర్ల కుక్కల పరేషాన్ మస్తుగుంది. ఇంటి మీదనేమో రేకులు. దీన్ని చేను కాడ కొట్టంల పెడితె సక్కగ నేర్చుకుంటది. కాకుంటే ఆడ కూలరు తిరగాలె."

"తిరగనియ్యి. కూలరు నేనిస్త."

"కూలరుకు కరెంటు కావాలె గద సారూ."

మర్నాడు పొద్దెక్కకముందే ట్రాక్టరు మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. కరెంటాఫీసు ఇంజనీరు గారు స్వయంగా గొడుగు కింద నిలబడి బిగింపజేశారు. మూడు దరఖాస్తులకు లేని స్టాకు ఏ గోదాములోంచి ఊడిపడిందని ఎవరూ అడగలేదు. అబ్రహాం స్తంభం మీద నుంచి కురుమూర్తికి ఒక్కసారి కన్ను కొట్టాడు, అంతే. సాయంత్రం కొట్టం ముందు షామియానా వేసి మహిపాల్ సారు ప్రసంగించారు.

"రైతు సోదరులారా! ఒక మూగజీవి గోస చూసి నా గుండె నీరైపోయింది. రాత్రికి రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన. కొందరు అంటున్నరు, ఇన్ని దినాలు రైతులు అడిగితే ఎందుకు తేలేదని. అడిగినోళ్లకు ఎవడైనా ఇస్తడు. అడగనోళ్లకు ఇచ్చుడే నాయకత్వం!"

అడిగి అడిగి గొంతు పోయిన అయిదుగురు రైతులూ ముందు వరుసలో కూర్చొని చప్పట్లు కొట్టారు. వాళ్ల వెనక బోరు దబదబా నీళ్లు పోస్తోంది. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపు వాళ్లు దేనికైనా చప్పట్లు కొట్టే స్థితిలో ఉన్నారు.

ఆ తర్వాత శిక్షణ సాఫీగా సాగింది. బాటకు ఎడమ పక్క కురుమూర్తి పెట్టె పట్టుకొని కూర్చునేవాడు. కుడి పక్క రేణుకమ్మ ఉడికిన గుడ్డు పెంకు టిక్కుమని పగలగొట్టేది. విజయ్ ఒక్క దుంకులో బాట దాటేది. తెల్లవారుజామున కురుమూర్తి సాళ్లకు నీళ్లు మళ్లిస్తుంటే అది అతని చొక్కాలో, పొట్ట దగ్గర వెచ్చగా నిద్రపోయేది. కరవడం మానేసింది. అతనికి దాని మీద ప్రేమ పుట్టింది, దాచడం ఎందుకు. పత్తి మీద ఎంతో దాని మీదా అంతే.

సంగతి పాకి జనం రావడం మొదలైంది. పరీక్ష తప్పినవాళ్లు, పిల్ల కుదరనివాళ్లు, అయిజ సంతకు ఎడ్లను తోలుకుపోయేవాళ్లు బాట మీద వరసగా నిలబడేవారు. బదిలీ ఆపుకోవడానికి హైదరాబాదు పోతూ ఇంజనీరు గారు కూడా ఒకసారి జీపు ఆపి దాటించుకున్నారు. ఆయన బదిలీ ఆగింది. ఆయన పెట్టించుకున్న సిఫారసు ఉత్తరాలు కూడా కొంత సాయపడి ఉండవచ్చు.

నామినేషన్ రోజు పదకొండు బండ్లు, బ్యాండు మేళం చేను దగ్గరికే వచ్చాయి. సారు తెల్ల బొలెరో ముందు చేతులు జోడించి నిలబడ్డారు. రేణుకమ్మ గుడ్డు పగలగొట్టింది. విజయ్ దూకింది. సరిగ్గా బాట మధ్యకు వచ్చేసరికి బ్యాండువాడు డోలు మీద ఒక్కటి వేశాడు. విజయ్ అక్కడే వెన్ను వంచి, గెంతి, వెనక్కి ఎడమకు పోయి, మళ్లీ కుడికి వచ్చి, మళ్లీ వెనక్కి పోయి బొలెరో కింద దూరింది. కురుమూర్తికి తన ట్రాన్స్‌ఫార్మర్ కళ్ల ముందు ట్రాక్టరెక్కి పోతున్నట్టే అనిపించింది.

"అన్నా!" అని దేవరాజు గావుకేక పెట్టాడు. "ఒక్కసారి దాటితే ఒక్క పదవి! మూడుమార్లు తిరిగింది. ఎంపీటీసీ, మండలం, రేపు జడ్పీ!"

బ్యాండు మళ్లీ మోగింది. ఓట్లు లెక్కపెట్టిన రోజు మహిపాల్ సారు గెలిచారు. ఎదుటి వర్గంలో ఇద్దరు పోటీపడి ఓట్లు చీల్చుకోవడాన్ని చిన్న విషయంగా భావించి, విజయం మొత్తం విజయ్ ఖాతాలో వేశారు.

గెలిచిన రెండో రోజే అబ్రహాం తలదించుకొని ట్రాక్టరుతో వచ్చాడు. విజయోత్సవ సభకు లైట్లు కావాలట. "రెండు దినాలే అంటున్నరు," అన్నాడు. "శకునం అయిపోయింది గద, ఇగ దానికెందుకు అన్నరు."

ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కూలరు ఆగింది. ఆ ఏడు వాన ఇంకా రాలేదు. కురుమూర్తి గోనె సంచులు తడిపి కొట్టానికి కట్టాడు. రేణుకమ్మ ఊరి చేతిపంపు నుంచి నీళ్లు మోసింది, చేటతో విసిరింది. ముంతతో నీళ్లు తీసి ముందు విజయ్ మీద చల్లాలా, వాడిన పత్తి మొక్క మొదట్లో పోయాలా అని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం అది కురుమూర్తి చొక్కాలోనే, నిద్రపోతున్నట్టే, పోయింది. కురుమూర్తి పెద్దగా ఏడ్చాడు. గట్టు మీద గుంట తవ్వి, అది ఎత్తుకుపోయి దాచుకున్న జడపిన్నులు కూడా పక్కనే వేసి పూడ్చాడు.

పక్క చేను నర్సింహులును వెంటబెట్టుకొని అతను సారు ఇంటికి బయల్దేరింది ఆ చావుకబురు చెప్పడానికే. అక్కడ సారు మండలాధ్యక్షుడిగా ప్రమాణం చేయబోయే తేదీ గురించి హడావుడి పడుతున్నారు.

"మంచిగొచ్చినవు కురుమూర్తీ! ఎల్లుండి పొద్దుగాల బయల్దేరుత. విజయ్‌ను తయారు చెయ్యి. ఇగ మీదట నేను యాడికి పోయినా అది దాటినంకనే."

"సారూ, విజయ్ సచ్—" అని కురుమూర్తి నోరు తెరిచాడు. నర్సింహులు వెనక నుంచి అతని నడుం మీద గట్టిగా గిచ్చాడు.

"సుస్తయింది సారూ," అని నర్సింహులు వాక్యం పూర్తి చేశాడు. "కూలరు లేదు గద. గిట్లనే ఉంటే ఇగ దాటదేమో."

సారు ఫోను అందుకున్నారు. చీకటి పడకముందే ట్రాన్స్‌ఫార్మర్ తిరిగి వచ్చింది. నీళ్లు పారాయి. అప్పుడు అయిదుగురు రైతులు బోరు దగ్గర కూర్చొని, చచ్చినదాన్ని ఎల్లుండికల్లా బతికించడం ఎలాగని ఆలోచించారు.

గోనెపట్టా ముక్కలో కొబ్బరిపీచు కూరి, పైన పాత మీగడ రంగు మఫ్లరు చుట్టి, కురుమూర్తి తన చేత్తోనే దబ్బనంతో కుట్టాడు. నల్ల దారంతో కళ్లకు పట్టీ వేశాడు. ముక్కుకు బావి తాడు కట్టారు. చెప్పిన రోజు పొద్దున నల్ల అద్దాలు ఎత్తుకొని బొలెరో వచ్చి బాట మీద ఆగింది. బాటకు కుడి పక్క కంచె వెనక నుంచి రేణుకమ్మ తాడు గుంజింది. పీచు మూట ఎగురుతూ, పడుతూ, ఒక రాయికి తట్టుకొని పల్టీ కొట్టి, ఎడమ నుంచి కుడికి దాటింది. శకునం చూశాక వెనక్కి తిరిగి చూడరాదన్నది పెద్దల మాట కనుక సారు దండం పెట్టి ముందుకే చూశారు. దేవరాజు మాత్రం అద్దం దించి తాడును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"కూలరు పెట్టినంక ఏం నిగనిగలాడుతుందన్నా!" అన్నాడు.

అది మొదలు సారు మీటింగుకు పోయినా, పెండ్లికి పోయినా మూట దాటింది. జనమూ మళ్లీ వచ్చారు. మునుపటి విజయ్ కరిచేదని, నిద్రపోయేదని, వాసన వచ్చేదని చిన్న చిన్న ఫిర్యాదులుండేవి. ఇప్పుడు అవీ లేవు. పిలిచిన వేళకు పలికే శకునమని పేరు వచ్చింది. పేరుతో పాటు కరెంటూ నిలిచింది. రైతులు పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించి క్రాసింగు చేశారు, పత్తి తీశారు, కురుమూర్తి ఇంట్లో విత్తనం సంచులు పేర్చారు. బతికున్నదాని కంటే మూటే ఎక్కువ మేలు చేసిందని అందరూ ఒప్పుకున్నారు. కురుమూర్తి ఒక్కడే ఆ మాట వచ్చినప్పుడు లేచి గట్టు వైపు పోయేవాడు.

పుష్యమాసంలో ఒక పొద్దున అతను విత్తనం సంచులు ఆటోకెక్కించాడు. గద్వాలలో కంపెనీ వాళ్లు నమూనా తీస్తారు. మొలక సరిగా వస్తే ఏడాది కష్టం గట్టెక్కుతుంది. తప్పిందన్నారంటే ఆ విత్తనం కంపెనీకి పనికిరాదు, రేణుకమ్మ ఎర్రటెండలో ఒక్కొక్క పువ్వుకూ వంగిన నడుం లెక్కలోకి రాదు. ఆ పరీక్ష ఎలా చేస్తారో, ఎవరు చేస్తారో, ఎందుకు తప్పుతుందో రైతుకు చెప్పే ఆచారం లేదు.

ఆటో బాట మీదికి వచ్చింది. కురుమూర్తి ఆపమన్నాడు. దిగి, కంచె దగ్గరున్న భార్య వైపు తిరిగాడు.

"జర తాడు గుంజవే."

రేణుకమ్మ అతని ముఖంలోకి వింతగా చూసింది. "నీ చేతులతోని నువ్వే కుడితివి గదయ్యా. దాన్ని గట్టు మీద పూడ్చింది గూడ నువ్వే."

"తెల్సు. అయినా గుంజు."

ఆమె వంగి తాడు గుంజింది. పీచు మూట ఎడమ నుంచి కుడికి దాటింది. కురుమూర్తి కళ్లు మూసుకొని దండం పెట్టుకొని ఆటో ఎక్కాడు. డ్రైవరూ స్టీరింగు వదిలి చేతులు జోడించాడు. వెనక సీట్లో సంచుల మధ్య ఇరుక్కొని కూర్చున్న ఆరుగురు ప్రయాణికులూ జోడించారు. తాడు వాళ్లందరికీ కనబడుతూనే ఉంది.